రెండు పెట్టెల మధ్య కుర్చీ

ఆ రోజుల్లో మనిషి గొంతు ఇప్పటంత తేలిగ్గా చేతికి చిక్కేది కాదు. ఇప్పుడు ఎవరు తుమ్మినా ఫోనులో నిలవుంటుంది. అప్పట్లో ఒక పాటని పట్టి దాచాలంటే మిషను కావాలి, కేసెట్టు కావాలి, కరెంటు ఉండాలి, ఆ కాసేపూ పక్కింటివాళ్లు కొబ్బరికాయలు ఒలవకుండా ఉండాలి. ఈ నాలుగూ ఒకేసారి కుదర్చగల మొనగాడు రాజోలు తాలూకా మొత్తానికి నేనొక్కణ్ణే. (తాలూకా అన్నాను గాని, మా వీధి అనుకోండి. మా వీధిలోనూ చివరింటాయన దగ్గర నాకన్నా మంచి టేపురికార్డరు ఉండేది. ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు, నేను అందరికీ చెప్పేవాణ్ణి.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తాటిపాకలో ఒక రేడియో రిపేరు షాపులో పని. ఇంటి దగ్గర ధాన్యం గదిని స్టూడియో చేశాను. గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి నాలుగు గోడలకీ మేకులు కొట్టి వేలాడదీశాను, బయటి చప్పుళ్లు లోపలికి రాకుండా. చప్పుళ్లు ఆగాయో లేదో గాని, ఎలకలు మాత్రం ఆ పీచులో కాపురాలు పెట్టాయి. గది నడిబొడ్డున ఒక చేతుల కుర్చీ. అది ఇంజనీరు కుర్చీ, దాన్లో ఇంకెవరూ కూర్చోకూడదు. కుర్చీకి ఎదురుగా బల్ల మీద నేను స్వయంగా తయారుచేసిన ఆంప్లిఫయరు. అది లేకపోతే స్పీకరు పెట్టె ఉట్టి చెక్కపెట్టె అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాణ్ణి. (స్వయంగా అంటే, మా షాపు గురువుగారు తయారుచేస్తుంటే లైటు పట్టుకున్నాను.)

అలా నా రాజ్యం నడుస్తుండగా మస్కట్ మావయ్య వచ్చేశాడు. మా అమ్మకి తమ్ముడు. మస్కట్‌లో వైరింగు పనికి వెళ్లి ఆరేళ్లయింది, ఇప్పుడు నెలన్నర సెలవు. ఆ నెలన్నరా స్థలం రిజిస్ట్రేషనుకీ, చుట్టాల ఇళ్లకీ పోయి చివరికి అయిదు రోజులు మిగిలాయి. ఆ అయిదు రోజుల్లో ఆయనకి కావలసింది ఒక్కటే, వాళ్లమ్మ పాటలు ఒక కేసెట్టు నిండా. వాళ్లమ్మంటే మా అమ్మమ్మ. నలుగు దగ్గర్నుంచి అప్పగింతల దాకా పెళ్లిపాటలన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ పాడకుండా పెళ్లికూతురికి నలుగు పెట్టేవారు కాదు. అప్పటికే ఆవిడకి డెబ్బై దాటాయి. మావయ్యకి మళ్లీ సెలవు ఎప్పుడో ఆయనకే తెలియదు. అంచేత ఈ అయిదు రోజుల్లో అవ్వాలి, లేకపోతే లేదు.

పాటల కోసమే మావయ్య అక్కణ్ణుంచి ఒక జత స్పీకరు పెట్టెలు మోసుకొచ్చాడు. నల్లగా, చిన్న మేకపిల్లలంత ఉన్నాయి. వాటి వెనకాల ఒక్కోదానికి ఒక్కో కరెంటు వైరు. స్పీకరుకి కరెంటు వైరేమిటని నేను నవ్వేశాను.

“ఒరే ఇంజనీరూ, వీటి కడుపులోనే ఆంప్లిఫయరు ఉంటదిరా. టేపురికార్డరు వైరు తిన్నగా వీటికి పెట్టేయడమే. మధ్యలో నీ దుకాణం అక్కర్లేదు,” అన్నాడు మావయ్య.

ఆ మాటతో నా ఆంప్లిఫయరు ఉద్యోగం ఊడింది. వచ్చినవాళ్లందరికీ నేను చెప్పిన పాఠం ఏం కావాలి? మావయ్య స్నానానికి వెళ్లిన సందు చూసి ఎడంవైపు పెట్టె విప్పేశాను, నిజంగా కడుపులో ఉందో లేదో చూద్దామని. ఉంది. చూడ్డంలో స్పీకరుకి వెళ్లే రెండు తీగలు ఊడి చేతిలోకొచ్చాయి. రెండూ నల్లతీగలే. ఏది ఎక్కడిదో తెలియలేదు. దేవుడి మీద భారం వేసి అతికించేసి మూత బిగించాను. పెట్టె మోగింది. మోగితే అయినట్టే గదా.

సాకెట్టు సంగతి ఇంకోటి. ఆ వైర్ల చివర పలకల ముళ్ల ప్లగ్గులు, మన సాకెట్లలో దూరవు. ప్లగ్గులు కోసేసి, తీగలు నేరుగా కన్నాల్లో పెట్టి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చాను. అప్పట్లో కోనసీమ సగం కరెంటు అగ్గిపుల్లల మీదే నడిచేది.

సోమవారం పొద్దున్న అమ్మమ్మని కుడివైపు పెట్టె పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. పాడేటప్పుడు పెట్టెలు ఆపేసి, పాటయ్యాక టేపు వెనక్కి తిప్పి వినాలి, లేకపోతే మైకు కీచుమంటుంది. ఆవిడ అప్పగింతల పాట ఎత్తుకుంది. ఆ పాట పాడినంతసేపూ మావయ్య గోడకున్న గోనెసంచి వైపు తిరిగి నిలబడ్డాడు. తరవాత నేను నా కుర్చీలో కూర్చుని, మావయ్య నా వెనక నిలబడి, పెట్టెలు వేసి విన్నాం. గొంతులో బరువు లేదు. నూతిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు పల్చగా, ఎటునుంచి వస్తోందో తెలియకుండా ఉంది.

ఇంజనీరుని కదా, వెంటనే కారణం చెప్పేశాను. “అమ్మమ్మా, నీ గొంతులో పస తగ్గిందే. మైకు అబద్ధం చెప్పదు.”

ఆవిడ నా మొహం చూసి, “ఆయ్, తగ్గే ఉంటుందిరా, వయసయింది కదా,” అంది.

ఆ పాట చెరిపేశాను. మావయ్య మిరియాలు, శొంఠి దంచి, తాటిబెల్లం వేసి కషాయం కాశాడు. పక్కన కూర్చుని, ఊది ఊది, గుక్కగుక్కగా తనే పట్టించాడు. మంగళవారం మళ్లీ పాడింది, మళ్లీ అదే గొంతు, మళ్లీ చెరిపేశాను, మళ్లీ కషాయం. బుధవారమూ అదే వరస. ఆ రోజే నలుగుకి పిలవడానికి వెనకవీధి పెళ్లివారు వచ్చారు.

“రాలేనండి. నా గొంతు పోయిందండి. మా మనవడు మిషను పెట్టి చూసి చెప్పేడు,” అంది అమ్మమ్మ.

“అదేంటి పిన్నిగారూ, ఇప్పుడు మాట్లాడుతున్నది గొంతు కాదా?”

“ఇది మాటల గొంతండి. పాటల గొంతు వేరే ఉంటుంది కదండీ.”

వాళ్లు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద దురద పెడుతూ ఉంటుంది. ఆ రాత్రి మావయ్య, “ఆలస్యం చేసేను రా. నిరుడు వచ్చుంటే బాగుండును,” అన్నాడు. నాకు అన్నం దిగలేదు. (రెండోసారి పెట్టుకున్నది దిగలేదు.)

గురువారం ఆఖరి రోజు. అమ్మమ్మ పాడింది. పెట్టెలు వేశాను, అదే పీల గొంతు. మావయ్య నిట్టూర్చి గుమ్మం వైపు నడిచాడు. నడిచేటప్పుడు ఆయన పంచె అంచు ఎడంపెట్టె వైరుకి తగిలి, సాకెట్లోంచి అగ్గిపుల్ల ఊడి కింద పడింది. ఎడంపెట్టె ఆగిపోయింది. ఆ క్షణంలో కుడిపెట్టె ఒక్కదాన్లోంచి అమ్మమ్మ గొంతు, నిండుగా, ఏటికి పోటు వచ్చినట్టు గదంతా కమ్మేసింది.

మావయ్య గుమ్మంలో ఆగిపోయాడు. ఆగిపోయిన ఎడంపెట్టెని చూడగానే నాకు సంగతి అర్థమైంది. నేను అతికించిన తీగలు తిరగబడ్డాయి. ఒక పెట్టె గాలిని బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతోంది. సరిగ్గా మధ్యలో, అంటే నా సింహాసనంలో, రెండూ కలిసి గొంతుని మింగేస్తున్నాయి. టేపు మీద పాట మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. బాగున్న పాటల్ని మూడు రోజులపాటు నా చేత్తో నేనే చెరిపేశాను.

మావయ్య అమ్మమ్మ పక్కన నేల మీద కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “ఏమయిందిరా ఇంజనీరూ? ఎలా వచ్చింది?” అన్నాడు.

నేను చెప్పిన జవాబు ఇది: “కషాయం పనిచేసింది మావయ్యా. మూడు రోజులు పడుతుందని నేను ముందే అనుకున్నాను.”

శుక్రవారం మావయ్య, గురువారం రాత్రికల్లా పాటలతో నిండిన కేసెట్టుని చొక్కా జేబులో పెట్టుకుని, సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురంలో రైలెక్కాడు. రేవు దాకా వెళ్లి వచ్చిన నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అమ్మమ్మ పెరటి అరుగు మీద కొబ్బరి కోరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. విప్పిన పెట్టె, నల్లతీగలు, చెరిపేసిన పాటలు, అన్నీ.

ఆవిడ కోరడం ఆపలేదు. “తెలుసురా,” అంది.

“ఏం తెలుసు?”

“తీగల సంగతి నాకేం తెలుసు. నేను కుడిపెట్టె పక్కన కూర్చున్నాను కదా, నా గొంతు నాకు బాగానే వినపడింది. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటేనే మొహం మాడ్చుకునేవాడివి. తప్పు గొంతుది కాదు, కుర్చీదే అనుకున్నాను.”

“మరి చెప్పొచ్చు కదే. ఆ పెళ్లివాళ్లకి కూడా గొంతు పోయిందన్నావు.”

“పెళ్లికి వెళ్తే పూటంతా పోదూ?” అంది. కొబ్బరిచిప్ప తిప్పి పట్టుకుని మళ్లీ కోరుతూ, “వాడు వచ్చిన కాణ్ణుంచి కాలు ఇంట్లో పెట్టేడా? రిజిస్ట్రేషనన్నాడు, చుట్టాలన్నాడు. నా గొంతు పోయిందన్నావు, రోజుకి మూడుసార్లు నా పక్కన కూర్చుని కషాయం పట్టించేడు. సోమవారమే బాగుందని చెప్పుంటే మంగళవారం ఎక్కడికి పోయేవాడో,” అంది. తరవాత కాస్త మొహం చిట్లించి, “తాటిబెల్లం మాత్రం బొత్తిగా తక్కువ వేసేడు. చేదు,” అంది.

ఆవిడ తరవాత చాలా పెళ్లిళ్లలో పాడింది. కాని సోమవారం పొద్దున్న, కొడుకు గోడవైపు తిరిగి నిలబడగా పాడిన అప్పగింతలు మళ్లీ అలా పాడలేదు. అది విన్నవాళ్లం ఇద్దరమే. అందులో ఒకడు పాట మీద కాక టేపురికార్డరు మీటరు ముల్లు మీద కన్నేసి కూర్చున్నాడు.

ఇప్పుడు నాకు ఎడంచెవి సరిగ్గా వినపడదు. ఎటునుంచి ఎవరు పిలిచినా కుడిపెట్టెలోంచి వచ్చినట్టే ఉంటుంది. మా అమ్మాయి అమలాపురంలో టీచరు. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి, నా తల ఒళ్లో పెట్టుకుని చెవిలో చుక్కలు వేసి, “ఇప్పుడెలా ఉంది నాన్నా?” అని అడుగుతుంది. నిజం చెప్పాలంటే రెండు నెలలుగా కొంచెం నయంగానే ఉంది. (కొంచెం కాదు, బాగానే.)

“ఏమో తల్లీ, ఇంకో నాలుగు వారాలు వేసి చూద్దాం,” అంటున్నాను.