నాయన సానయంత్రం, బచ్చలింటి మడతబందు

మా చిన్నప్పుడు ఒక ఎనిమిది రోజులు, గరిటె చేతిలో లేనిదే మా ఇంట్లో ఎవరమూ స్నానానికి వెళ్లలేదు...

అందుకు కారణం, మా బచ్చలింటికి తలుపు లేకపోవడం. స్నానాల గదిని కోలారు వైపు మేము బచ్చలిల్లు అంటాము. తలుపు లేకపోవడానికి కారణం మా నాయన.

నాయన కేజీఎఫ్ గనిలో, బండను తొలిచే బిట్లకు పదును పెట్టే షాపులో పనిచేసేవారు. గని కార్మికుల లైన్లలోని మా ఇంటి వెనుక, రేకుల కింద, ఆయనకు సొంతంగా ఒక పనిశాల ఉండేది. ఒక బల్ల, చేత్తో తిప్పే సానరాయి, ఒక చేతి డ్రిల్లు, దానికి ఒకే ఒక్క బిట్టు. ఆ బిట్టు మొద్దుబారింది. బజారులో ఇస్తే ఎవరైనా నిమిషంలో సానపట్టి ఇచ్చేవారు. కానీ గని బిట్లకే పదును పెట్టే మనిషి తన బిట్టును బయట సానపట్టించుకుంటే పరువేం కాను...

అందుకని సానపట్టే యంత్రాన్నే తయారు చేయాలని సంకల్పించారు. దానికి గట్టి మడతబందు ఒకటి కావాలి. ఒక రెక్కను బల్లకు బిగించి, రెండో రెక్క మీద బిట్టును కట్టి, తలుపు తెరిచినట్టు సానరాయి మీదికి ఊపితే, బిట్టు ప్రతిసారీ ఒకే కోణంలో అరుగుతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంలో దోషం లేదని ఈనాటికీ నా అభిప్రాయం. మడతబందును ఊడదీసిన చోటులోనే దోషం.

మరునాడు పొద్దున అమ్మ నీళ్లు కాచి తీసుకువెళ్లేసరికి, రేకు తలుపు గోడకు ఆనించి ఉంది.

“ఏమయ్యా, తలుపు యాడ?”

“ఆడే ఉండాది కదా, గోడకి.”

“గోడకి తలుపెందుకు? బచ్చలికి కావాల!”

“రెండు దినాలు ఓర్చుకో.”

తలుపు స్థానంలో అమ్మ పాత చీర కట్టింది. గాలి వస్తే ఆ చీర ఎటు పోతుందో దానికే తెలియదు. అప్పుడు నాయన గని పద్ధతిని ఇంట్లో ప్రవేశపెట్టారు. గనిలోకి మనుషులను దింపే ఇనుప బోనును, అంటే కేజ్‌ను, గంట దెబ్బల లెక్కతోనే నడుపుతారు. మాకు గంట లేదు కాబట్టి, ఇనుప బకెట్టు, గరిటె. ఒక దెబ్బ... లోపల మనిషి ఉన్నారు. రెండు... వేణ్నీళ్లు కావాలి. మూడు... బయటికి వస్తున్నాను.

రెండు దినాలు ఐదయ్యాయి. పాత మడతబందును తిరిగి బిగించే వీలు లేదు, దాని రెక్కను నాయన అప్పటికే వంచేశారు. కొత్తది తెచ్చారు గాని, దాని రంధ్రాలు తలుపు ఇనుప చట్రంలోని రంధ్రాలతో కలవలేదు. కొత్త రంధ్రాలు వేయాలంటే పదునైన బిట్టు కావాలి. బిట్టుకు పదును రావాలంటే యంత్రం పనిచేయాలి...

సరిగ్గా అప్పుడే ముళబాగిలు నుంచి కబురు వచ్చింది. ఆదివారం మా మేనత్త వస్తున్నది. నాయనకు అక్క. పోయినసారి మా ఇల్లు చూసి, “ఇది ఇల్లా, పాత ఇనుమమ్మే గుజిరీ అంగడా?” అని వెళ్లిన మనిషి.

అమ్మ ఒకే మాట చెప్పింది. “మీ యక్క స్నానానికి పొయ్యేలోగా తలుపు పడకపోతే, ఆయమ్మ వచ్చిన బస్సులోనే నేను మా యమ్మోళ్లింటికి పోతా. చూసుకో.”

శనివారం యంత్రం సిద్ధమైంది. సానరాయి తిప్పే గౌరవం నాకు దక్కింది. నిప్పురవ్వలు చూసి మురిసిపోయాను. బిట్టును డ్రిల్లుకు తగిలించి నాయన చట్రం మీద ఆనించారు. అది కీచుమని తిరిగింది, తిరిగింది... రంధ్రం పడలేదు. తళతళలాడే చుక్క మాత్రం పడింది.

అమ్మ వంగి చూసింది. “బాగుండాది. బొట్టు పెట్టుకునేదానికి అద్దం చేసిచ్చినావు.”

“మూడువేల అడుగుల కింద బండ పగలగొట్టే బిట్లు నా చేతిలో పదునైనాయి. ఈ చిటికెనేలంత దానికి నాకు తెలీదా?”

“బండను గుద్దేది వేరే, ఇనుమును చెక్కేది వేరే కదప్పా. కత్తిపీట చూడు. అంచు ఒకటే పైకుంటాది, దాని యెనక తగ్గుంటాది. నువ్వు అంతా సమంగా అరగదీసినావు. ఇంగ యాడ తెగతాది?”

నాయన వంటింట్లోకి వెళ్లి కత్తిపీటను చాలాసేపు చూసి వచ్చారు. మడతబందు కింద చిన్న రేకుముక్క దూర్చి, బిట్టు అంచు వెనుక భాగం పల్లంగా అరిగేటట్టు వంపు మార్చారు. ఆరు పలకల నట్లు రెండింటిని పక్కపక్కన ఆనించి, వాటి నడుమ ఏర్పడిన నూట ఇరవై డిగ్రీల పల్లంలో బిట్టు మొన సరిగ్గా కూర్చుంటున్నదా అని పరీక్షించారు. ఈసారి ఇనుము మురుకుల్లా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వచ్చింది!

ఆదివారం చివరి మర బిగించడం, అత్త గడప తొక్కడం ఒకేసారి జరిగాయి. “మునెప్పా, ఇల్లు బాగు చేసినావే!” అని మెచ్చుకుని ఆమె స్నానానికి వెళ్లి, తలుపును బలంగా లాగి మూసుకుంది.

కాసేపటికి బకెట్టు మోగింది. నాయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఒకటి... రెండు... మూడు... పన్నెండు...

“ఇట్లాంటి సిగ్నలు గనిలో లేదే!”

“రేయ్ మునెప్పా! తలుపు తెరుచుకోలేదురా!”

కొత్త రంధ్రాలు ఒక వేలెడు కిందికి పడ్డాయి. తలుపు నేలలో దిగబడిపోయింది. నాయన బయటి నుంచి మరలన్నీ విప్పి తలుపును మళ్లీ గోడకు ఆనించారు. అత్త తడి తలతో బయటికి వచ్చింది.

“పోయినసారి అంగడే ఉండె. ఇప్పుడు జైలు గూడా పెట్టినావా?”

అమ్మ నాయన వైపు చూసింది. నాయన గంభీరంగా అన్నారు: “స్నానానికి పొయ్యేలోగా తలుపు పడాలంటివి. పడింది. బయటికి వచ్చేదాకా ఉండాలని నువ్వు చెప్పలేదు.”

ముందు అత్త నవ్వింది. తరువాత అమ్మ, కళ్లు తుడుచుకుంటూ... ఆనాటి బస్సు అమ్మ లేకుండానే వెళ్లిపోయింది.

ముప్పై దాటాక నేను రాత్రి పాఠశాలలో చేరాను. ఆరు భుజాలూ, ఆరు కోణాలూ సమానంగా ఉన్న ఆకారంలో ఒక్కో కోణం ఎంత అని మాస్టారు అడిగినప్పుడు, అందరికన్నా ముందు నూట ఇరవై అని చెప్పిన విద్యార్థినిని నేనే. ఆ రెండు నట్లు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

గని మూతపడింది. నాయన లేరు, అమ్మా లేదు. ఇప్పుడు బిట్టు మొద్దుబారితే పారేసి కొత్తది కొంటున్నాము. మీ ఇళ్లలో పెద్దలు ఏ వస్తువును విప్పి దేనికి బిగించారో దయచేసి రాయండి, చదవాలని ఉంది...

మా స్నానాల గదికి ఇప్పుడు ప్లాస్టిక్ తలుపు, లోపల గడియ, గోడకు గీజరు. అయినా చలికాలం పొద్దుల్లో నా చెయ్యి దానంతట అదే బకెట్టు మీద రెండుసార్లు కొడుతుంది. నీళ్లు వేడిగానే ఉంటాయి... “తెస్తా ఉండా, ఉండమ్మా” అనే అమ్మ గొంతు మాత్రం వినిపించదు.