దెబ్బ తగలని మ్యాజిక్

మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో, మెజీషియన్ ముఖానికి పూసుకున్న పౌడరు వాసనకి తిరువూరు కల్యాణ మండపం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. టీవీలో ఒక్క వారం కూడా వదలకుండా నేను చూసే కామెడీ మ్యాజిక్ జంట మా ఊరొచ్చింది. పొడుగాయన కర్రతో ఫెడీఫెడీమని కొట్టేవాడు. పొట్టాయన నవ్వుతూ లేచి టోపీలోంచి పావురాన్ని తీసేవాడు. హాలంతా ఒకటే నవ్వులు. నేను మాత్రం ఆయన చేతుల మీద కమిలిన మచ్చల కోసం వెతికాను. ఒక్కటీ లేదు.

షో అవగానే స్టేజీ వెనక్కి పరిగెత్తి పొట్టాయన చెయ్యి పట్టుకున్నాను.

“దెబ్బ తగలకుండా చేసే మ్యాజిక్ మా అమ్మకి నేర్పండి సార్. నాన్న కొడితే ఏడుస్తుంది.”

ఆయన ముఖంలో నవ్వు పోయింది. నా ముందు గొంతుక్కూర్చుని, “మ్యాజిక్కేం లేదమ్మా. ఉత్త చప్పుడే. ఆయన నన్ను నిజంగా కొట్టడు,” అన్నాడు.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన అమ్మ అంతా వినేసింది. గబగబా బయటికి లాక్కెళ్లింది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

తప్పు చేశాననుకుని, “లేదమ్మా, ఇంకెప్పుడూ చెప్పను,” అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు తిరిగింది. “రెడ్డిగూడెం బస్సెక్కుదాం. అమ్మమ్మకి నువ్వే చెప్పు. నాకు నోరు రావట్లేదు,” అంది.

చెప్పాను. మేం మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ ఒక్క మాటని అమ్మ అన్నేళ్లు ఎలా దిగమింగుకుందో నాకిప్పటికీ అంతుబట్టదు.