చెవి కోయని చుక్క

మొన్న మహబూబ్‌నగర్‌లో కళ్లాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నా ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ, ఏది బాగా కనిపిస్తోందని అడిగాడు. రెండూ ఒకేలా ఉన్నాయన్నాను. సరిగ్గా చూడమన్నాడు. సరిగ్గా చూశాకే చెబుతున్నానని నేనూ ఊరుకోలేదు. తెలియడం లేదంటే ఈ లోకంలో ఎవరూ ఒప్పుకోరు. ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఈ తగువు నాకు కొత్త కాదు. అరవయ్యో దశకంలో ఒక నక్షత్రం గురించి ఇలాగే తగువు పడి, అది తేలకుండానే ఇంటికి వచ్చేశాను.

కొత్తకోట దగ్గర గొర్రెల మందలున్న ఇల్లు మాది. మేనమామ పంతం పట్టి చదివిస్తే డిగ్రీ అయింది, హైదరాబాదులో ఒక వేధశాలలో తాత్కాలిక నౌకరీ దొరికింది. అక్కడ నేనేం చేస్తానో మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు; మొదట్లో నాకూ కాలేదు. దుర్భిణి ముందు గాజు పట్టకం పెట్టి ఆకాశాన్ని గాజు పలక మీద ఫొటో తీస్తారు. అప్పుడు చుక్క చుక్కలా పడదు, సాగదీసిన చిన్న పట్టీలా పడుతుంది. ఆ పట్టీకి అడ్డంగా ఖాళీ గీతలుంటాయి. గీతలు సన్నగా ఉంటే మామూలు తెల్ల నక్షత్రం. హైడ్రోజన్ గీతలు వెడల్పుగా, అలుక్కుపోయినట్టు ఉంటే శ్వేత కుబ్జం, అంటే ఇంధనమంతా అయిపోయి భూమి అంత పరిమాణానికి ముడుచుకుపోయిన నక్షత్రం. హీలియం గీతలుంటే కుబ్జాల్లోనే ఇంకో తెగ, గీతలే లేకపోతే మరో తెగ. భూతద్దంతో గాజు పలక మీది ఒక్కో పట్టీనీ చూసి, దాని తెగ ఏదో జాబితాలో దాని గడిలో రాయడం నా పని.

చిక్కంతా ఒక పట్టీతో వచ్చింది. గీత ఉన్నట్టే ఉండేది, భూతద్దం కాస్త జరిపితే ఉండేది కాదు. గీతలు లేని కుబ్జమా, పలకే మసకబారిందా? పొద్దున ఒకటనిపించేది, మధ్యాహ్నానికి రెండోది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. మా ఇంట్లో నేర్చిన పద్ధతి అది. ఎవరి మందకు వాళ్ల చెవిగాటు ఉంటుంది. దారితప్పి మా మందలో కలిసిన గొర్రెకు గాటు లేకపోతే, అది ఎవరిదో తేలేదాకా మా గాటు పెట్టం. పెడితే దొంగతనం చేసినట్టే. వేధశాలలో నా పైఅధికారి అయిన సారుకు ఈ గొర్రెల గొడవ పట్టలేదు. వానలు పడేలోపు జాబితా పైకి పంపాలని, గడి ఖాళీగా ఉంటే పని పూర్తి కానట్టేనని, పూర్తి చేయనివాళ్లను ఉంచుకోలేనని తేల్చి చెప్పారు. ఇంకో పలక తీసి చూద్దామన్నాను. మబ్బులు కమ్ముకొస్తుంటే ఏ ఆకాశాన్ని తీస్తామన్నారు.

ఆ వారమే మా బాపు, అంటే నాన్న, గొంగడి భుజాన వేసుకుని నన్ను చూడవచ్చాడు. భూతద్దం ఇస్తే చాలాసేపు పలక మీదికి వంగాడు.

"తెల్ల సుక్కలంటివి, గివన్ని నల్లగున్నయేంది బిడ్డా?"

ఫొటో పలకలో తెలుపు నలుపుగా పడుతుందని చెప్పాను. నల్లగ చూసి తెల్లదని రాస్తున్నవా అని నవ్వాడు; ఆలోచిస్తే నాకూ అయోమయంగానే తోచింది. సారు తగువంతా ఆయన ముందు పెట్టారు. పరాయి గొర్రె చెవి ఏనాడూ ముట్టని మనిషి కదా, నా పక్షాన నిలబడతాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "ఏదో ఒకటి రాసెయ్ బిడ్డా, నౌకరి పోతది" అన్నాడు.

"ఎవలదో తెల్వని గొర్రెకు నువ్వు చెవి కోస్తవా బాపూ?"

"గొర్రెనైతే ఎతుక్కుంట ఎవడన్న వస్తడు. నీ సుక్క కోసం ఎవడొస్తడే?"

ఆ మాట తప్పని ఇప్పటికీ నిరూపించలేను, ఒప్పని ఒప్పుకోనూ లేను. సారు కలం నా ముందుకు జరిపారు. ఇంకోసారి చూశాను. గీత ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. కలం ముట్టలేదు.

నెలాఖరుకు నన్ను పంపేశారు. తీసుకుపోవడానికి మళ్లీ వచ్చిన బాపు బస్సులో తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. జడ్చర్లలో దిగి చాయ తెచ్చిచ్చాడు, అంతే. సారు ఆ గడిలో ఏం రాశారో, అసలు రాశారో లేదో తెలియదు. తర్వాత నల్లగొండ కాలేజీలో కుదురుకుని, ఈ తెగలన్నీ పిల్లలకు ధీమాగానే చెబుతూ వచ్చాను. ఆ పట్టీ గుర్తొచ్చినప్పుడు మాత్రం మాట తడబడేది. కాల్చుకోవడానికి ఏమీ మిగలని అలాంటి నక్షత్రం పూర్తిగా చల్లారడానికి లక్షల కోట్ల ఏళ్లు పడుతుందట. అదేమిటో చూసి చెప్పడానికి మాకు ఆ ఒక్క వానాకాలం ఆగే తీరిక లేకపోయింది.