మోకాలి దగ్గర అతుకు

గాయపడిన జవాన్లు కోలుకునే ఆశ్రమం ఒకటి మా కాలనీకి రెండు బస్‌స్టాపుల దూరంలో ఉంది. మా వీధి ఆడవాళ్లం ఆరుగురం అక్కడివాళ్లకు బట్టలు కుట్టి ఇస్తుంటాం. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ కుట్టుపనీ ఇంట్లో అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. అవి ఇంకొకరికి పనికొస్తున్నాయంటే సింహాచలం అప్పన్న దయే.

కాలు పోయినవాళ్ల ఫ్యాంటును ఆ వైపు మోకాలి దగ్గర కత్తిరించి, అంచు మూసి కుట్టేయడం నా అలవాటు. అలా చేస్తే చంకకర్రకు చుట్టుకోదు. మిగిలిన గుడ్డతో కర్ర పైభాగానికి మెత్త చేస్తాను.

ఆ శుక్రవారం శ్రీకాకుళం వైపు జవాను ఒకతనికి బూడిదరంగు ఫ్యాంటు ఇచ్చాను. విప్పి చూసి, నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏటి పిన్నమ్మా, ఇలా కోసీసినావు? నాకు కాలొచ్చీసింది కదా!"

మంచం కింద పెట్టుడు కాలు ఉంది, కొత్త బూటుతో సహా. గుడ్డ కోసేముందు నేను కనీసం వంగి చూడలేదు.

"ఎల్లుండి మా పాపొస్తంది. దెబ్బ తగిలాక ఇదే మొదలు నన్ను సూడ్డం. ఈ ఇనుప కాలు సూసి జడిసిపోద్దేమో."

"లుంగీ కట్టీ బావా, పెళ్లికొడుకులాగుంటావు," అన్నాడు పక్క మంచం అతను.

"అది జారిపోతే పాప కాదు, నర్సమ్మలు జడుసుకుంతారు."

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కోసిన ముక్క అప్పటికే మెత్తకు వాడేశాను. ఫ్యాంటు పట్టుకుని అటునుంచి అటే ఆటోలో వన్‌టౌన్ బజారుకు వెళ్లాను. ఎప్పుడూ గుడ్డ తీసుకునే కొట్టులో సాయిబుగారు తల అడ్డంగా ఊపారు.

"ఆ తాను అయిపోయిందమ్మా. ఎవరికి?"

చెప్పాను. ఆయన నిచ్చెనెక్కి మూడు తానులు దించి, గుమ్మంలో వెలుగుకు పట్టి, దగ్గరగా ఉన్న రంగు ఏరి ఇచ్చారు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

శనివారాలు అప్పన్న కొండకు వెళ్తాను. ఆ శనివారం వెళ్లలేదు. మిషను ముందే దండం పెట్టుకున్నాను. రెండుసార్లు అతికి రెండుసార్లు విప్పాను. మూడోసారీ అతుకు కనబడుతూనే ఉంది.

ఆదివారం వరండాలో అతను ఆ ఫ్యాంటు తొడుక్కుని, గోడ వదిలి నడిచాడు. ఆరు అడుగులు. భార్య చెయ్యి పట్టుకున్న ఐదేళ్ల పాప అతని మొహం చూడలేదు. నేరుగా వచ్చి అతుకు మీద వేలు పెట్టింది.

"నాన్నా, ఇక్కడ సిరిగిపోనాదా?"

అతను నా వైపు చూశాడు. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. అతను బెంచీ మీద కూర్చుని, ఫ్యాంటు అంచు తనే మోకాలి దాకా పైకి లాగాడు.

"సూడమ్మా. నా కాలు ఇదే."

పాప మునివేళ్లతో టకటకా కొట్టి చూసింది.

"నొప్పెడతందా?"

"లేదు."

"మరి సక్కిలిగిలో?"

అతను గట్టిగా నవ్వాడు. పాప చేతులు చాచింది. నిలబడి ఎత్తుకోలేకపోయాడు, కూర్చునే ఆ మోకాలి మీదికి లాక్కున్నాడు. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు కత్తెర పట్టేముందు మంచం కిందకు వంగి చూస్తాను. చూశాక కూడా అడుగుతాను. వాళ్లు చెప్తారు. అయినా గుడ్డ మీద సుద్దగీత పెట్టేసరికి చెయ్యి ఒక్కసారి ఆగుతుంది. లేచి వెళ్లి మళ్లీ అడిగి వస్తాను.