పరదాలు కట్టని మామా

నా పేరు రెడ్డెమ్మ. వయసు డెబ్బై అయిదు దాటింది, సరిగ్గా ఎంతో మా అమ్మకే తెలియదు. ఊరు రాయచోటి దగ్గర. ఇప్పుడు కువైట్‌లో, అబ్బాసియాలో, నా కూతురి ఇంట్లో ఉన్నాను. కూతురు, అల్లుడు, మనవరాలు హారిక, నేను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే హారిక రాస్తోంది. తన సొంత మాట మధ్యలో దూరిస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

మా మామా చనిపోయింది. పోయిన శుక్రవారం ఆమె కూతురు హాలండు నుంచి ఫోన్ చేసి చెప్పింది. పడుకున్నది పడుకున్నట్టే పోయిందట. మామా అంటే మేనమామ కాదు. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం ఇంటామెను అట్లా పిలుస్తాం. అబూ హలీఫాలో సముద్రం పక్కన ఒక బిల్డింగులో కింది ఇల్లు ఆమెది. ఇరాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్నది నేనే.

ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ రెండు రోజుల తర్వాత మామా కూతురు మా హారికకు ఒక వీడియో పంపింది. మామాను పూడ్చిపెట్టాక అందరూ ఒక హాల్లో కూర్చుని ఉన్నారు. గోడ మీద పెద్ద తెర. అందులో అమెరికా నుంచి ఒక ముసలాయన మాట్లాడుతున్నాడు. బట్టతల వచ్చినా గుర్తుపట్టాను. ఆ బిల్డింగులో మా పై ఇంట్లో ఉండిన అమెరికా ఇంజనీరు. ఆయన మాట్లాడుతున్నాడు, హాల్లో జనం నవ్వుతున్నారు. సావు కాడ నవ్వేంత మాట ఏముందో చెప్పమని హారికను అడిగాను. అది నసిగింది. గట్టిగా అడిగితే చెప్పింది.

డచ్ వాళ్ళంటే కర్రబూట్లు, గాలిమరలు, బిగించిన పిడికిలి అన్నాడట. నలుగురు కలిసి హోటల్లో తిని ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకుంటే, దానికి మా అమెరికాలో వీళ్ళ పేరే పెట్టుకున్నాం అన్నాడట. ఈమె అసలు సిసలు డచ్చామె, కాఫీకి పిలిస్తే ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసేది, కిటికీలకు గుడ్డ కూడా కొనేది కాదు, నోటికి అడ్డూ అదుపూ లేదు, నా ముఖం మీదే నీకు గుడ్డు ఉడకబెట్టడం రాదు పొమ్మంది, అన్నాడట. జనం ఒకటే నవ్వు.

మామా జ్ఞాపకంగా ఒక పుస్తకం వేస్తున్నారు. మొదటి పేజీలో ఆయన మాటలే, వాటి పక్కన బిస్కెట్ డబ్బా బొమ్మ. "నువ్వూ ఒక మాట పంపు రెడ్డెమ్మా, చిన్నదైనా సరే" అని ఆ పిల్ల అడిగింది. పంపుతున్నాను. చిన్నది మాత్రం కాదు. రేపు ఆమె మనవలు ఆ పుస్తకం తెరిచి మా అవ్వ పిసినారి, నోటి దురుసు మనిషి అనుకుంటారు. నేను ఉండగా ఆ మాట అట్లా ఉండిపోకూడదు. కువైట్‌లో ఉండే మన తెలుగువాళ్ళు కూడా చదవాలని ఇక్కడి పత్రికకు కూడా ఇదే ఇస్తున్నాను.

"కొంచెం మెత్తగా చెప్పవ్వా, వాళ్ళు పెద్దోళ్ళు" అంటోంది హారిక.

"నువ్వు రాయి మే. మెత్తగా చెప్పేటోళ్ళు ఇప్పటికే చెప్పేసినారు."

బిస్కెట్టు సంగతే ముందు చెబుతాను. అవును, ఒకటే ఇచ్చేది. ఇంట్లో ఉన్న రోజు పొద్దున పదింటప్పుడు కాఫీ పెట్టి, డబ్బా మూత తీసి, అందరి ముందుకూ తిప్పి, మూత పెట్టి అల్మారాలో పెట్టేది. అందరి ముందుకూ అన్నాను చూడండి. ఆ అందరిలో నేనూ ఉన్నాను. చేరిన మొదటి రోజు నేను వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చున్నాను. మామా కుర్చీ లాగి చూపించింది. భర్త పనిచేసే కంపెనీ పెద్దాయన వచ్చిన రోజు కూడా నా కుర్చీ నాదే. ఆయనకూ ఒకటే, నాకూ ఒకటే. పై ఇంట్లో అమెరికా దొరసాని పార్టీలకు ప్లేట్ల నిండా పోసేది. ఆ ఇంట్లో పనిచేసిన రాయచోటి మహబూబ్ బీ ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది, మా వీధి చివరే ఉంటుంది. "అందరూ తిని పోయినాక ప్లేట్లు కడిగేటప్పుడు మిగిలింది తినమనేది నన్ను, నిలబడే తింటాంటి" అంటోంది. అది ధారాళం, ఇది పిసినారితనం. ఎవరు పెట్టారో ఈ పేర్లు.

కర్రబూట్ల ముచ్చట కూడా ఆ బీయే గుర్తు చేసింది. మామా పుట్టినరోజుకు అమెరికా దొరసాని ఎక్కడి నుంచో రంగులేసిన కర్రబూట్లు తెప్పించి ఇచ్చింది, ఇవి లేకుండా మీకు తోచదు కదా అని. మామా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మా దేశంలో ఇవి ఆవుల దగ్గర పనిచేసేవాళ్ళు వేసుకుంటారు, నేను ఆఫీసులో పనిచేస్తాను, అని చెప్పింది. కోపంగా కాదు, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. దుమ్ముగాలికి తలుపు కొట్టుకోకుండా వాటిని అడ్డం పెట్టుకునేవాళ్ళం. మంచి బరువు.

ఇక పరదాలు. మామా కిటికీలకు ఎప్పుడూ గుడ్డ కట్టలేదు. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ అట్లాగే ఉంటాయట, రోడ్డు మీద పోయేవాడికి లోపల అన్నం తినేవాళ్ళు కనబడతారట. ఎందుకు మామా అంటే, "దాచిపెట్టుకునేటంత పని మేమేం చేస్తాండాం?" అంది. మేమిద్దరం మాట్లాడుకున్నది వంటింటి అరబ్బీ. ఆమెకు సగం వచ్చు, నాకు ఇంకో సగం వచ్చు. అందుకే ఆమె మాటలు నా నోట మా రాయచోటి యాసలోనే వస్తాయి. ముందు గదిలో రోడ్డు వైపు పెద్ద కిటికీ, వెనక గదిలో సముద్రం వైపు పెద్ద కిటికీ. రోడ్డు మీద నిలబడితే ఇల్లు దాటి నీళ్ళు కనబడేవి. నడుమ సందులో, ఏ కిటికీకీ అందకుండా, చిన్న సామాన్ల గది ఒకటి ఉంది. దాన్ని గుర్తు పెట్టుకోండి.

ఇరాక్ వాళ్ళు వచ్చినప్పుడు అది ఎండాకాలం సెలవుల కాలం. మామా భర్త, చిన్న కూతురు ముందే హాలండు పోయారు. మామాకు సెలవు ఇంకా మొదలు కాలేదు, సూట్‌కేసు మాత్రం సర్ది పెట్టుకుంది. అమెరికా ఆయన పెళ్ళాం పిల్లలూ ఊళ్ళో లేరు. మహబూబ్ బీ మన వాళ్ళతో కలిసి జోర్డాన్ దారి పట్టింది. తెల్లవాళ్ళను ఇల్లిల్లూ వెతికి పట్టుకుని బస్సుల్లో బాగ్దాద్ తీసుకుపోతున్నారని, బాంబులు పడే చోట కూర్చోబెడుతున్నారని తెలిసింది. ఆ రోజు అమెరికా ఆయన ఒక దిండు చంకలో పెట్టుకుని మా తలుపు తట్టాడు. పై ఇంట్లో ఒక్కడే ఉండలేడట. మామా ఎందుకని అడగలేదు. సామాన్ల గదిలో చీపుర్లు, బకెట్లు బయటికి తీసి పరుపు వేసింది.

ఆయన చేసిన మొదటి పని కిటికీలకు దుప్పట్లు కడదామనడం. మామా వద్దంది. ఆయన కేకలేశాడు, ఇది ప్రాణాల సంగతి, నీ డచ్ పట్టుదల పక్కన పెట్టు అని. వాళ్ళ ఇంగ్లీషు మాటలు మామా తర్వాత నాకు అరబ్బీలో చెప్పేది. చుట్టూ ఉన్న బిల్డింగుల్లో తెల్లవాళ్ళ ఇళ్ళన్నిటికీ దుప్పట్లు వేలాడుతున్నాయి. మామా ఎప్పటిలాగానే ఉండనిచ్చింది. పగలంతా వాళ్ళిద్దరూ సామాన్ల గదిలో, నేను వెలుతురులో.

సైనికులు ముందు దుప్పట్లు కట్టిన ఇళ్ళకే పోయారు. ఎదురు బిల్డింగు నుంచి ఒక ముసలి ఇంగ్లీషాయనను చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా దించారు. నేను ఖుబ్బూస్ రొట్టెల కోసం లైన్లో నిలబడి చూశాను. మర్నాడు మా వంతు. నేను ముందు గదిలో కిటికీ అద్దం తుడుస్తున్నాను. అద్దానికి అవతల ఒక ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. లోపలికి చూశాడు, ఇల్లు దాటి సముద్రం చూశాడు, నన్ను చూశాడు. కిటికీ తియ్యమన్నాడు.

"ఇంట్లో ఎవరుండారు?"

"మామా బలద్‌కు పోయింది. నేనొక్కదాన్నే, హిందీని." బలద్ అంటే సొంత దేశం, హిందీ అంటే ఇండియా మనిషి.

"పరదాలు ఏమైనాయి?"

అమెరికా ఆయన ఏళ్ళ తరబడి చేసిన ఎగతాళే నోటికొచ్చింది. "మా మామా పిసినారి సార్. గుడ్డ కొనదు. డచ్చామె" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. పక్కనున్న సైనికులకు చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. ఖలాస్ అని చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ అద్దం తుడుస్తూ ఉండిపోయాను. కాసేపటికి సామాన్ల గది తలుపు సందులోంచి మామా గొంతు వినబడింది. "బాగా చెప్పినావు" అంది. అంతే. ఆ మాట నేను ఒక్కసారే వాడాను, ఆ గదిలో ఉన్న ఇద్దరి ప్రాణాల కోసం. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పుడు ఆమె సావు కాడ జనాన్ని నవ్వించడానికి వాడుకున్నాడు.

ఇప్పుడు గుడ్డు మాటకు వస్తాను. నాకు ఒళ్ళు మండేది దీనికే.

కొన్ని వారాల తర్వాత రేడియోలో చెప్పారు, తెల్లవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళిపోవచ్చని, మగవాళ్ళకు మాత్రం లేదని. మామా సూట్‌కేసు ఇంకా గోడవార సర్దే ఉంది. కూతురి కోసం కొన్న గౌను అన్నిటికీ పైన పెట్టి ఉంది. అమెరికా ఆయన పరుపు మీద కూర్చుని, వెళ్ళు, నేను చూసుకుంటాను, నాకేం కాదు, అన్నాడు. ఆమె పోతే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఆయనకు వంట రాదు, అరబ్బీ రాదు, పగలు గదిలో పొద్దుపోక నడవాలోకి వచ్చి తిరుగుతుంటే చెయ్యి పట్టి వెనక్కి లాక్కుపోయేది మామాయే.

మామా ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వు చూసుకోలేవు. నీకు గుడ్డు ఉడకబెట్టేది కూడా రాదు" అంది.

అదీ ఆ మాట. ఆ మాట అని మామా లేచి వెళ్ళి సూట్‌కేసు తెరిచి బట్టలన్నీ మళ్ళీ బీరువాలో తగిలించుకుంది. నేను త్యాగం చేస్తున్నానని అనలేదు, నీ కోసం ఉంటున్నానని అనలేదు. అని ఉంటే ఆయన జీవితాంతం మోసుకు తిరగాల్సిన మాటలు అవి, ఆమె ఒక్కటీ ఆయన నెత్తిన పెట్టలేదు. ఆ తర్వాత వంటింట్లోకి, నా దగ్గరకు వచ్చింది.

"నువ్వు ఉంటే నాకు మంచిది. పోతే నీకు మంచిది. ఉండమని నేనడగను. ఏం చేస్తావో నువ్వే చెప్పు."

నా బతుకులో నన్ను అంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. పనిలో పెట్టుకున్న ప్రతి ఇంటివాళ్ళూ నువ్వు మా ఇంటి మనిషివి అన్నారు, అని ఉతకమని బట్టల మూట చేతికిచ్చారు. ఉంటా అన్నాను.

ఆ గౌను వేసుకోవాల్సిన పిల్ల అమ్మ కోసం చలికాలం దాకా ఎదురు చూసింది. ఆ పిల్లే ఇప్పుడు పుస్తకం వేస్తోంది. అమ్మ ముందే రాగలిగి ఉండి రాలేదన్న సంగతి మామా చెప్పి ఉండదు. నేను చెబుతున్నాను తల్లీ. కోపం వస్తే రానీ. ఎందుకు రాలేదో కూడా చదువు.

ఇదంతా చెప్పించే ముందు హారికతో ఆ అమెరికా ఆయనకు వీడియో ఫోన్ చేయించాను. చాటుగా తిట్టడం నాకు చేతకాదు. నన్ను చూసి మురిసిపోయాడు. ఓహ్, నువ్వు మా కుటుంబంలో మనిషివి, అన్నాడు.

"నా పేరేందో చెప్పు సార్" అన్నాను. హారిక ఇంగ్లీషులో అడిగింది. ఆయన ముఖం తెర మీద అట్లాగే ఆగిపోయింది. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

"గుడ్డు మాట చెప్పినావే. దాని ముందర నువ్వేమన్నావో, తర్వాత ఆమె ఏం చేసిందో అది కూడా చెప్పల్ల కదా?"

అది తమాషాకి అన్నాను, ఆమె ఉంటే ఆమె కూడా నవ్వేది, అన్నాడు.

"ఆమె నవ్వేదే. నేను నవ్వను."

మిగతాది కూడా చెప్పమన్నాను. ముసలివాణ్ణయ్యాను, ఆలోచిస్తాను, అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, అది కూడా చెప్పాలి. చెడ్డవాడు కాదు. కానీ బతికి వెళ్ళినవాడు బతికించిన మనిషి గురించి చెప్పేటప్పుడు, తన దేశంలో అందరూ చెప్పుకునే తమాషాలే వెతుక్కున్నాడు. నాలుగు నెలలు ఒకే గదిలో గోడ పక్కన కూర్చుని ఆమెను చూసినవాడు. ఆయన ఆలోచించే దాకా నేను ఆగలేను, నాకూ వయసయింది. మొదటి పేజీలో ఆయన మాటలు ఉంటే ఉండనీ, వాటి పక్కన బిస్కెట్ డబ్బా బొమ్మ తీసేసి ఇది పెట్టండి. ఇంతే నేను అడిగేది.

చలి మొదలయ్యాక తెల్లవాళ్ళందరినీ వదిలేశారు. వాళ్ళిద్దరూ బస్సెక్కాల్సిన పొద్దున మామా కాఫీ పెట్టింది. డబ్బా తిప్పింది, ముగ్గురికీ ఒక్కొక్కటి. అమెరికా ఆయన కోటు వేసుకుని, ఇంకొకటి తీసుకోబోయాడు. మామా మూత పెట్టి, డబ్బాను అల్మారాలో దాని చోట పెట్టింది, రేపు పదింటికి మళ్ళీ కాఫీ ఉన్నట్టు. గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకుంటే దొరికిపోయేవాళ్ళం" అంది. పట్టుకుని ఏడవలేదు. బస్సు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

బస్సు పోయాక నేను దుమ్ము పట్టిన కిటికీ అద్దాన్ని బయటి నుంచి తుడిచాను. తుడిచి రోడ్డు మీదకు వెళ్ళి నిలబడి చూశాను. ఇల్లు దాటి సముద్రం కనబడుతోంది. మధ్యలో ఎవరూ లేరు. ఈసారి నిజంగానే ఎవరూ లేరు.

రెడ్డెమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: షేక్ మహబూబ్ బీ, రాయచోటి, పై ఇంట్లో పనిచేసినామె, తన వేలిముద్ర.
హారిక, మనవరాలు, చెప్పింది చెప్పినట్టు రాసినది, సంతకం.