మగ్గం మీద వేలాడిన స్విచ్చి

“స్విచ్చి వాకిలి కాడ పెడితే నాకేం లాభం? నేనుండేది మగ్గంలో కదా!”

“ఊరంతా వాకిలి కాడే పెట్టినాను పెద్దమ్మా. అదే పద్ధతి.”

“ఆ పద్ధతి పెట్టినోడు ఏనాడన్నా మగ్గంలో కూసున్నాడా?”

“సుమ్మా జగడం పెట్టుకోవద్దు పెద్దమ్మా. నీ కోసరం గోడను మగ్గం కాడికి జరపమంటావా?”

“గోడ యాడుండేది ఆడనే ఉండనీ. స్విచ్చిని జరుపు.”

పోయిన వారం మనవరాలు కొత్త గ్రైండరు కొనుక్కొచ్చింది. ఇల్లంతా కొత్త రబ్బరు వాసన. అందరూ దాని రంగును మెచ్చుకున్నారు. నేను మాత్రం దాని ముందు పీట వేసుకుని కూర్చుని, పిండి తోసేటప్పుడు చెయ్యి ఎటు పోతుందో అటు చాచాను. స్విచ్చి వెనకవైపు ఉంది. “వాపసు ఇచ్చిరా” అన్నాను. పిల్లకు కోపం వచ్చింది. రానీ. ఈ పట్టుదల నా సొంతం కాదు, మా అత్త మునెమ్మ నుంచి వచ్చింది. పైన రాసిన మాటలు ఆమెవీ, మా వీధికి మొదటిసారి కరెంటు తీగ లాగిన వైర్‌మాన్ గోవిందసామివీ.

మా ఊరు తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న రోజులవి. మాది నేత ఇల్లు. రెండు మగ్గాలు, ఒకటి మా ఆయనది, ఒకటి అత్తది. మా మగ్గాలు గుంత మగ్గాలు. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి నేయాలి. అత్త మోకాళ్ళు అప్పటికే చెడిపోయాయి. ఒకసారి కూర్చుంటే లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించి, పళ్ళు బిగబట్టాలి. పక్కన పెట్టుకునే లాంతరు పోయి కరెంటు వస్తే, దీపం వేయడానికోసారి, ఆర్పడానికోసారి ఆమె లేవలేదని మా ఆయన తేల్చేశాడు. నగరి నుంచి ఒక నేతగాడిని మాట్లాడి, మర్నాడు పొద్దున్నే వచ్చి అమ్మ మగ్గంలో కూర్చోమన్నాడు.

“దీపం కోడలు వేస్తుంది గదా, నీకేం కష్టం అని అడగొద్దు నన్ను” అంది అత్త కొడుకుతో. “దాని చేతులు ఎప్పుడూ నీళ్ళల్లోనే ఉంటాయి. తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఏమయితాదో ఈ గోవిందసామిని అడుగు.” కాపురానికి వచ్చి రెండేళ్ళయినా నా చేతుల గురించి ఆమె మాట్లాడగా వినడం అదే మొదలు. నేను మూడో తరగతి దాకానే చదివాను. మెచ్చుకుంటే సంతోషించడం తెలుసు కానీ, మెచ్చుకోకుండానే నా మంచి చూసే మనిషిని గుర్తుపట్టడం ఆ రోజే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె గోవిందసామిని మగ్గంలో కూర్చోమంది. పాపం, చెప్పులు విప్పి దిగాడు. కాళ్ళు తొక్కుడు పలకల్లో చిక్కుకున్నాయి.

“ఇప్పుడు లేసిపోయి దీపం వెయ్యి.”

అతను లేవబోయాడు.

“అట్ల కాదప్పా. మోకాళ్ళ మీద బరువు వెయ్యకుండా లెయ్యి.”

అరచేతులు ఆనించి ఊపిరి బిగబట్టి లేచాడు, వెనక్కి పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. “మురుగా!” అన్నాడు. మా ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్త నవ్వలేదు.

గోవిందసామి అక్కడే కూర్చుని కాసేపు పైకి చూశాడు. “తిరువళ్ళూరులో ఒక ఆఫీసరు ఇంట్లో మంచం తలాపున వేలాడే స్విచ్చి పెట్టినాను పెద్దమ్మా. జామకాయంత ఉంటాది. పైనుంచి తీగ దిగుతాది. పడుకొనే నొక్కుకోవచ్చు.”

“పడుకునేదానికే అంత వసతి ఉంటే, పని చేసేదానికి ఉండద్దా?”

“అందేటట్టు వేలాడితే బిడ్డలు పట్టుకుంటారు అమ్మా” అన్నాడు మా ఆయన. అత్త గోవిందసామిని లేపి, తాను కూర్చుని చెయ్యి పైకెత్తింది. “ఇంత ఎత్తు బిడ్డలకు యాడందుతాది? అమ్మే, కొలత పట్టు” అని నన్ను పిలిచింది. నేను స్టూలెక్కి దూలం నుంచి ఆమె వేలికొస దాకా పడుగు దారం పట్టి ముడి వేశాను. ఆ దారం చుట్ట జేబులో పెట్టుకుని గోవిందసామి మధ్యాహ్నం బండికి తిరువళ్ళూరు పోయాడు. దీపాలు పెట్టే వేళకు నల్లటి స్విచ్చితో తిరిగొచ్చి, నా ముడి దగ్గరికి సరిగ్గా దింపాడు. ఒక వేలెడు కూడా తేడా రాలేదు.

ఆ తర్వాత మా ఇంటికి ఎన్నో సామాన్లు వచ్చాయి. ఇస్త్రీపెట్టె, ఫ్యాను, మిక్సీ, ఏదైనా సరే, వాడే మనిషి పక్కన కూర్చుని చూడందే నేను కొననివ్వలేదు. చేతికి అందని స్విచ్చి ఉంటే దీపం ఊరకే కాలుతుంది, లేదా లేచి లేచి మనిషి ఊరకే కాలుతుంది. రెండూ నాకు గిట్టవు. నన్ను పిసినారి అంటారు. అననీ. మునెమ్మ కోడలినని చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ గర్వమే.

స్విచ్చి దింపిన మర్నాడు తెల్లవారుతుండగా నగరి నేతగాడు సంచి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. లోపల దీపం వెలుగుతోంది. అత్త నేస్తోంది. తల తిప్పకుండానే, “అమ్మే, ఆయప్ప అంత దూరం నుంచి వచ్చినాడు, కాఫీ పొయ్యి” అంది. పోశాను. అతను తాగి, మా ఆయనతో రెండు మాటలు మాట్లాడి, ఆరున్నర బండికి తిరిగి వెళ్ళిపోయాడు.