కావచ్చు అన్నారు, అయింది అనలేదు

నా రొమ్ములో తగిలిన గడ్డ ‘క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్ష చేస్తేగాని తేలదు’ అని ఉప్పల్‌లో స్కానింగ్ తీసిన డాక్టరు రిపోర్టు రాసిచ్చాడు. మా ఆయన దాన్ని ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే చెంగిచెర్ల నుంచి ఆడపడుచు, ఇద్దరు తోటికోడళ్లు నాచారంలోని మా ఇంట్లో దిగారు. దవాఖానాకు పోయినట్టే చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరిబోండాలు. నేను ఫ్యాక్టరీకి పోవడానికి జడ వేసుకుంటున్నాను.

“క్యాన్సర్ వచ్చిందంట గదా వదినా! ఎంత మంచిగ ఉండేదానివి!” అని ఆడపడుచు గడపలోనే శోకాలు మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండింది.

“గంత పెద్ద మిషన్ వెట్టి సూసిన డాక్టరే ‘కావచ్చు’ అన్నడు. ‘అయింది’ అని చెప్పనీకి మీ ఇంట్ల ఏం మిషన్ ఉన్నదమ్మా? తేలనియ్యి. ఏడ్సుడే ఉంటే నేను గూడ ఏడుస్త.”

రోగికని తెచ్చిన బ్రెడ్డు విప్పి, చాయ్‌లో ముంచుకుని వాళ్ల ముందే తిన్నాను. మిగతా ప్యాకెట్లు ఫ్యాక్టరీలో పంచుదామని సంచిలో వేసుకుని డ్యూటీకి పోయాను.